చెవికి అందిన స్వరం చేతికి అందదా?

మా ఊరు పాయకరావుపేట. తాండవ నది వంతెన దాటితే తుని. పుట్టుకతోనే నాకు చూపు లేదు. సంగీతం మాత్రం చిన్నప్పట్నుంచీ వెంట ఉంది. ఇప్పుడు ఇంట్లోనే ఒక కంప్యూటరు, ఒక మైకు పెట్టుకుని పాటలు రికార్డు చేస్తున్నాను. ఈ పనిలో నాకెదురైన ఒక చిక్కును గురించీ, దాని వెనుకనున్న శాస్త్రాన్ని గురించీ నాలుగు మాటలు మనవి చేసుకోవాలని ఈ వ్యాసం.

కిందటేడు ఒక పెళ్లి పాట రికార్డు చేశాను. పాడిన అమ్మాయి చక్కగా పాడింది. ఆమె ఊరెళ్లిపోయాక, రాత్రి తీరిగ్గా వింటే చరణంలో ఒకచోట గాంధారం కాస్త కిందికి జారినట్టు తెలిసింది. తప్పు ఎక్కడుందో తెలుసు, ఎంతుందో తెలుసు. దిద్దడమే చేతకాలేదు. చివరికి డబ్బిచ్చి చూపున్న ఒకాయన చేత చేయించాను. గాంధారం నిలబడింది గాని పక్కనున్న గమకం చదునైపోయింది. అదేమిటండీ అంటే, "చూడ్డానికి గీత తిన్నగా వచ్చిందండీ" అన్నాడాయన. ఆ మాట ఇంకా నా చెవిలోనే ఉంది.

శ్రుతి సవరణ అంటే ఏమిటి?

స్వరం ఎత్తు సెకనుకు ఎన్ని కంపనాలన్న దానిమీద ఆధారపడుతుంది. ఒక స్థాయిని 12 మెట్లుగా, ఒక్కొక్క మెట్టును 100 సెంట్లుగా లెక్కిస్తారు. అంటే స్థాయికి 1200 సెంట్లు. 1997లో అమెరికాలో ఆటోట్యూన్ వచ్చింది. దాన్ని తయారుచేసిన ఆండీ హిల్డెబ్రాండ్ అంతకుముందు ధ్వని తరంగాలతో భూగర్భంలో చమురు జాడ కనిపెట్టే రంగంలో పనిచేసినవాడు. 2001లో జర్మనీ నుంచి మెలొడైన్ వచ్చింది. ఇందులో పాడిన ప్రతి స్వరం తెరమీద ఒక మచ్చగా కనబడుతుంది. మచ్చ ఎంత పైనుంటే స్వరం అంత హెచ్చు. మౌసుతో పట్టి పైకో కిందికో లాగితే స్వరం మారుతుంది.

అడ్డు ఎక్కడుంది?

మాలాంటివారికి కంప్యూటరును చదివి వినిపించేది స్క్రీన్ రీడరు. అది అక్షరాలను చదువుతుంది, బటన్ల పేర్లు చెబుతుంది. సాఫ్ట్‌వేరు ఒక బొమ్మ గీసి ఊరుకుంటే దానికి చెప్పడానికేమీ ఉండదు. స్వరాలన్నీ ఆ బొమ్మలోనే ఉంటే మాకు ఆ చోటు ఖాళీగా తోస్తుంది.

ద్వారం వెంకటస్వామి నాయుడుగారికి (1893-1964) చూపు మందమని అందరికీ తెలిసిందే. ఆయన 1936లో విజయనగరం సంగీత కళాశాలకు ప్రిన్సిపాలయ్యారు. ఫిడేలుకు మెట్లుండవు. చెవి చెప్పిన చోట వేలు పడుతుంది. శ్రుతి విషయంలో కన్నులేని లోటు లేదనడానికి ఇంతకంటే వేరే సాక్ష్యం అక్కరలేదు.

ఉన్న దారి

ఆస్ట్రేలియాకు చెందిన మైకేల్ కరన్, జేమ్స్ టే అనే ఇద్దరు అంధులు కలిసి ఎన్‌వీడీఏ అనే ఉచిత స్క్రీన్ రీడరును రూపొందించారు. 2006లో మొదలైన ఆ పని నేడు తెలుగు కూడా చదువుతుంది. రీపర్ అనే రికార్డింగు సాఫ్ట్‌వేరుకు ఒసారా అనే ఉచిత అనుబంధం ఉంది. దాని వెనుక కూడా జేమ్స్ టేగారి కృషి ఉంది. ఈ మూడూ కలిస్తే కోయడం, అతకడం, హెచ్చుతగ్గులు సరిచేయడం అన్నీ కీబోర్డుతోనే అయిపోతాయి.

నా గాంధారాన్ని తర్వాత ఇలాగే దిద్దాను. ఆ స్వరాన్ని ముక్కగా కోసి, సెంటు సెంటుగా పెంచుతూ తంబూరాతో కలిపి విన్నాను. తంబూరాలో సహజంగా పలికే గాంధారం షడ్జం నుంచి సుమారు 386 సెంట్లలో ఉంటుంది. యంత్రం గీత 400 దగ్గర. ఆ 14 సెంట్ల తేడా చెవికి తెలుస్తుంది. నేను చెవి చెప్పిన చోటే ఆగాను.

అయితే మౌసుతో నిమిషంలో అయ్యే పనికి నాకొక సాయంత్రం పట్టింది. పైగా గమకం మధ్యలో కత్తెర పెడితే అతుకు వినబడుతుంది. కాబట్టి ఇది సగం దారి మాత్రమే.

కావలసింది

తెరమీద మచ్చ గీయడానికి ముందే సాఫ్ట్‌వేరు దగ్గర ప్రతి స్వరానికీ అంకెలుంటాయి. వాటిని ఒక పట్టికగా పెట్టి, "మూడో స్వరం, గాంధారం, 20 సెంట్లు తక్కువ" అని చెప్పనిస్తే చాలు. పైబాణం నొక్కితే పెరగాలి, కిందిబాణం నొక్కితే తగ్గాలి, మారిన స్వరం వెంటనే వినబడాలి. ఇందులో కొత్తగా కనిపెట్టవలసిందేమీ లేదు. మన 2016 వికలాంగుల హక్కుల చట్టం కూడా వస్తువులు అందరూ వాడుకునేలా తయారయ్యేందుకు ప్రభుత్వాలు తోడ్పడాలని చెబుతోంది.

కంప్యూటరు శాస్త్రం చదువుతున్న మిత్రులకు ఒక్క విన్నపం. మీరు తయారుచేసే ప్రాజెక్టు ఏదైనా సరే, ముగించేముందు ఒక గంట మౌసు తీసేసి, తెర ఆర్పేసి వాడి చూడండి. ఎక్కడ మీ చెయ్యి ఆగిపోతుందో అక్కడే మేమూ ఆగిపోతున్నాం. ఆ ఒక్కచోటు మీరు సరిచేస్తే, నా పాటను నేనే పూర్తిచేసుకుంటాను.