ఈ వారం పాఠం: తొక్క నీళ్లు నూలుకే, పురుగుకి కాదు



పోయిన పంటలో మనలో ఒకరు నారింజ తొక్కలు రుబ్బి, ఆ నీళ్లు మల్బరీ తోటకి కొట్టారు. సహజమే కదా అనుకున్నారు. మూడో జ్వరం లేచిన పురుగు ఆ ఆకు ముట్టలేదు. నారింజ తొక్క నూనెలో లిమోనీన్ ఉంటుంది. దాన్ని పురుగుమందుల్లో కూడా వాడతారు. చీడకి విషమైంది మన పురుగుకీ విషమే.

అలాగని తొక్కలు పారేయొద్దు. దానిమ్మ తొక్క నూలుకి మంచి రంగు ఇస్తుంది.

తొక్కలోని సారాన్ని బయటికి లాగే ద్రవమే ద్రావకం. ఫ్యాక్టరీల్లో వాడే హెక్సేన్ పెట్రోలియం సరుకు. మంటకీ భయమే, ఊపిరికీ హానే. హాని తక్కువ ఉన్నవాటిని హరిత ద్రావకాలు అంటారు. వాటిలో మొదటిది మన ఇంటి నీళ్లే. దానిమ్మ తొక్కలోని టానిన్ వేడినీళ్లలో బాగా దిగుతుంది.

చిల్లుగూళ్ల నూలు 100 గ్రాములకి:

1. జిగురు తీసిన నూలుని, 10 గ్రాముల పటిక కరిగించిన గోరువెచ్చని నీళ్లలో రాత్రంతా నానబెట్టండి.
2. 100 గ్రాముల ఎండు తొక్కలు దంచి, 3 లీటర్ల నీళ్లలో గంటసేపు సన్న మంట మీద కాచి వడగట్టండి.
3. అందులో నూలు వేసి ముప్పావు గంట వేడిగా ఉంచండి. తెర్లనిస్తే పట్టు మెరుపు పోతుంది.

పసుపు రంగు వస్తుంది. స్టీలు గిన్నే వాడండి; ఇనుము తగిలితే రంగు నల్లబడుతుంది.

ఈ పనంతా పురుగుల షెడ్డుకి దూరంగా చేయండి. చేతులు కడుక్కున్నాకే ఆకు ముట్టండి.