జీపు ముందుపలకను విప్పుట

విప్పుట ఎవనికైనను సాధ్యమే. విప్పిన దానిని మరల యథాస్థానమున కూర్చగలవాడే పనివాడనిపించుకొనును. ఈ సత్యము పాత జీపును మరమ్మతు చేయునపుడు స్పష్టముగా తెలియును.

జీపు యుద్ధావసరమునకై పుట్టిన బండి. మిట్టపల్లములందును బురదయందును నాలుగు చక్రముల బలముతో సాగిపోగల తేలిక బండి కావలెనని అమెరికా సైన్యము 1940లో కోరెను. బాంటమ్ అను సంస్థ మొదటి నమూనాను నిర్మించెను. పిదప విల్లీస్, ఫోర్డు సంస్థలు 1945 నాటికి ఆరు లక్షలకు పైగా జీపులను తయారుచేసినవి. మన దేశమున 1945లో లూధియానాలో స్థాపింపబడి, 1948లో మహీంద్రా అండ్ మహీంద్రా అను పేరు దాల్చిన సంస్థ విల్లీస్ జీపులను ఇచ్చట కూర్చి అమ్మెను. రహదారులు లేని పల్లెలకు ఈ బండి ఎంతో ఉపకరించెను.

బండి నడుపువాని ఎదుటనుండు పలకను డ్యాష్‌బోర్డు అందురు. యుద్ధకాలపు జీపులో ఇది రేకు పలక. దానిపై అయిదు సాధనములుండును. ఒకటి వేగమును, ఒకటి విద్యుత్ప్రవాహమును, ఒకటి పెట్రోలు మట్టమును, ఒకటి ఇంజను నూనె పీడనమును, ఒకటి నీటి వేడిమిని తెలుపును. వైద్యునకు నాడి ఎట్టిదో డ్రైవరునకు ఇవి అట్టివి. నూనె పీడనము పడిపోయినను ముల్లు ఆ సంగతి చెప్పనిచో, కొద్దిసేపటిలోనే బేరింగులు కాలి ఇంజను పట్టివేయును. పలక వెనుకనున్న తీగ పూత పగిలి రేకును తాకినచో మంటలే లేవవచ్చును. కావున ఈ మరమ్మతు అలంకారము కొరకు గాదు, ప్రాణరక్షణ కొరకు.

జగిత్యాల జిల్లా ఇబ్రహీంపట్నములోని ఒక షెడ్డునకు అట్టి పాత జీపు వచ్చినదనుకొందము. మన ప్రాంతమున యంత్రపు పని నేర్పు పెద్దను ఉస్తాదు అందురు. శిష్యుడు పేచ్‌కస్ చేతబట్టి ఆత్రముతో పలకను సమీపించెను.

"ఆగు బిడ్డా! మొదట విప్పవలసినది ఏది?" అని ఉస్తాదు అడిగెను.

"పలక మరలు గదా, ఉస్తాద్!"

"కాదు, బ్యాటరీ తీగ. అందులోను బండి బాడీకి కలిపిన తీగనే మొదట తీయవలెను. రెండవదానిని ముందు విప్పబోయినపుడు పానా బాడీకి తగిలెనా, నిప్పురవ్వలు లేచును."

బ్యాటరీ వేరుచేసిన పిమ్మట శిష్యుడు పలక వెనుకకు తొంగిచూచెను. తీగలన్నియు రంగు వెలిసి ఒకే తీరుగా నుండెను.

"వీటిని కోసివేసి, పిదప అతికింతునా, ఉస్తాద్?"

"ఏ తీగ ఎచ్చటిదని రేపు ఎవరిని అడుగుదువు? ప్రతి తీగకును, అది బిగించియున్న చోటికిని ఒకే అంకె గల చీటీ కట్టుము. నోటుపుస్తకమున పటము గీయుము. ఫోనుతో ఫోటో కూడ తీయుము; కాని దానినే నమ్ముకొనకుము. ముందున్న తీగ వెనుకనున్న దానిని ఫోటోలో మరుగుపరచును. మరలను ఒకే డబ్బాలో కలుపక వేరువేరుగా ఉంచుము."

తరువాత ఉస్తాదు మూడు జాగ్రత్తలు చెప్పెను. నూనె పీడనపు సాధనమునకు సన్నని గొట్టము ద్వారా ఇంజను నూనెయే వచ్చును; కావున క్రింద గుడ్డ పరచి విప్పవలెను. వేడిమిని తెలుపు సాధనపు గొట్టమును మడువరాదు, కోయరాదు. అందులోని ద్రవము పోయినచో సాధనము వ్యర్థమగును. వేగమాపకమునకు గేరుపెట్టె వైపు నుండి వచ్చు కేబులును గట్టిగా లాగక, దాని బిరడాను మరత్రిప్పి తీయవలెను.

కొన్ని బండ్లలో పలక బాడీకి వెల్డింగు చేయబడియుండును. అప్పుడు సాధనములను మాత్రమే ఊడదీయవలెను. మరలతో బిగించిన పలకయైనచో, స్టీరింగు గొట్టమును పట్టియుంచు పట్టీని, చోకు తీగను కూడ విడదీసి, పలకను మెల్లగా ముందుకు లాగవలెను.

తీగల పూత పగిలిన చోట పైన టేపు చుట్టి ఊరకుండక, తీగనే మార్చిరి. తీగలు రేకు రంధ్రముగుండా పోవు చోట క్రొత్త రబ్బరు వలయము తొడిగిరి. సాధనములకు రేకే తిరుగుమార్గము గనుక, అవి తగులు చోట తుప్పును గీకి శుభ్రపరచిరి. పిదప విప్పిన క్రమమునకు వ్యతిరేకక్రమమున అన్నిటిని బిగించిరి.

చివర శిష్యుడు బ్యాటరీ తీగను తగిలింపబోయెను. ఉస్తాదు మరల వారించి, బ్యాటరీకిని ఆ తీగకును నడుమ ఒక చిన్న బల్బును కలిపెను. "స్విచ్చులన్నియు ఆపియున్నపుడు ఇది వెలుగరాదు. వెలిగినచో ఎచ్చటనో విద్యుత్తు దొంగదారి పట్టినదని అర్థము" అనెను. బల్బు వెలుగలేదు. తీగ బిగించి దీపములు వేయగా అమ్మీటరు ముల్లు ఖర్చు వైపు వంగెను. జమ వైపు వంగియుండినచో దాని రెండు తీగలు తారుమారైనవని తెలిసియుండెడిది. ఇంజను నడువగానే నూనె పీడనపు ముల్లు పైకి లేచెను. శిష్యుని ముఖము వికసించెను.

చూచితిరా బాలలారా! పేచ్‌కస్ పట్టిన గడియకంటె చీటీ కట్టిన గడియయే ఆ పనిని గట్టెక్కించినది. గణితమందైనను, వ్యవసాయమందైనను, పాత గ్రంథమును బాగుచేయుటయందైనను ఇదియే నియమము. విప్పుటకు ముందు చూడుము, చూచినదానిని వ్రాసికొనుము, కూర్చిన పిదప పరీక్షింపుము.

ప్రశ్నలు

1. బ్యాటరీకి గల రెండు తీగలలో ఏది మొదట తీయవలెను? ఎందుచేత?
2. ఫోటో తీసినను చీటీలు, పటము ఏల కావలెను?
3. బల్బుతో చేసిన పరీక్షను మీ మాటలలో వివరింపుడు.
4. మీ ఇంటనున్న ఏదేని పాత వస్తువును విప్పి మరల కూర్చు క్రమమును పెద్దల నడిగి వ్రాయుడు.