సూది గుచ్చకుండానే కాలేయ పరీక్ష

మా బంధువుల్లో ఒకాయనకు రక్తపరీక్షలో హెపటైటిస్-బి అని తేలింది. కాలేయంలోకి సూది దించి ముక్క తీస్తారని ఎవరో చెప్పగా భయపడి, రెండేళ్లు పసరు మందుతోనే కాలం గడిపారు. ఈ భయం మనలో ఇంకా చాలామందికి ఉంది. అందుకే ఈ పాఠం.

సోదర సోదరీమణులారా! గాయం మానినచోట చర్మంపై మచ్చ పడినట్లే, వైరస్ ఏళ్ల తరబడి దెబ్బతీస్తే కాలేయంలోనూ మచ్చ కడుతుంది. ఇదే ఫైబ్రోసిస్. ముదిరితే సిర్రోసిస్. నొప్పి ఉండదు గనుక మనకు తెలియదు. దీనిని కనిపెట్టడానికి ఇప్పుడు రెండు తేలిక మార్గాలున్నాయి.

మొదటిది లెక్క. పేరు ఫిబ్-4. వయసును ఎస్‌జీఓటీతో గుణించాలి. ప్లేట్‌లెట్ల సంఖ్యను వేలల్లో రాసి, ఎస్‌జీపీటీ వర్గమూలంతో గుణించాలి. మొదటి దానిని రెండో దానితో భాగించాలి. మా బంధువు వయసు 49, ఎస్‌జీఓటీ 60, ఎస్‌జీపీటీ 64, ప్లేట్‌లెట్లు లక్షన్నర, అంటే 150 వేలు. 49×60=2940; 150×8=1200; జవాబు 2.45. ఇది 1.45 కంటే తక్కువైతే ముదిరిన మచ్చ ఉండే అవకాశం తక్కువ, 3.25 దాటితే ఎక్కువ. మధ్యలో ఉంటే మరో పరీక్ష కావాలి. 35 ఏళ్ల లోపు, 65 దాటినవారిలో ఈ లెక్క పొరబడవచ్చు.

రెండోది ఫైబ్రోస్కాన్. కుడి పక్కటెముకల మధ్య చిన్న పరికరం ఆనించి తరంగం పంపుతారు. కాలేయం గట్టిపడినకొద్దీ తరంగం వేగంగా సాగుతుంది. ఫలితాన్ని కిలోపాస్కల్స్‌లో చెబుతారు. కొద్ది నిమిషాల పని. కోత లేదు, సూది లేదు. పరీక్షకు ముందు కనీసం మూడు గంటలు ఏమీ తినకూడదు. తిన్నా, కాలేయం వాచి ఉన్నా అంకె ఎక్కువగా చూపవచ్చు. కాబట్టి తుది మాట డాక్టరుదే. కొందరికి బయాప్సీ ఇప్పటికీ అవసరమే.

2018 జూలై 28న మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద ప్రభుత్వ చికిత్సా కేంద్రాల్లో బి, సి రకాలకు పరీక్షలు, మందులు ఉచితం. సి రకం చాలామందికి మూడు నెలల మాత్రలతో నయమవుతుంది. బి రకాన్ని మందులతో అదుపులో ఉంచవచ్చు. దానికి టీకా ఉంది. మన హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్ 1997లోనే తయారుచేసింది. బిడ్డ పుట్టిన 24 గంటల్లో మొదటి డోసు వేయించాలి.

మా బంధువుకు స్కాన్‌లో మచ్చ కనిపించింది. అయితే సిర్రోసిస్ దాకా పోలేదు. ఇప్పుడు రోజూ మాత్ర వేసుకుంటున్నారు. పోయిన ఆ రెండేళ్లు మాత్రం తిరిగి రావు. పెళ్లి సంబంధాలు చెడతాయనో, నలుగురూ ఏమంటారనో జబ్బు దాచకండి. కలిసి తింటే ఇది అంటదు. ఇంట్లో ఒకరికి ఉంటే అందరూ పరీక్ష చేయించుకోండి. మీ పాత రిపోర్టు తీసి, ఈ రోజే లెక్క వేసి డాక్టరుకు చూపండి.