యాభైల్లో ఉద్యోగం పోతే ముందు ఏ డబ్బు ముట్టుకోవాలి?

యాభై దాటాక ఉద్యోగం పోయినవాళ్లు చాలామంది మొదట చేసే పని పీఎఫ్ క్లెయిమ్ పెట్టడం. వాళ్లను తప్పుపట్టలేం. ఉద్యోగం పోయిన ప్రతివారికీ నెలనెలా అందే నిరుద్యోగ భృతి మన దేశంలో లేదు. ప్రభుత్వ వృద్ధాప్య పింఛను తెలంగాణలో 57 ఏళ్లకు, ఆంధ్రప్రదేశ్‌లో ఎక్కువమందికి 60 ఏళ్లకు గానీ మొదలు కాదు, అదీ పేద కుటుంబాలకే. ఉద్యోగం పోయాక పింఛను మొదలయ్యేదాకా ముసలితనానికి దాచుకున్న సొమ్మే భృతి అయిపోతోంది. అందుకే ఈ వయసులో ఉద్యోగం వెతకడం ఎంత ముఖ్యమో, ఏ డబ్బు ముందు తీయాలి, ఏది చివరిదాకా కదపకూడదు అన్నదీ అంతే ముఖ్యం.

ముందు రాబట్టుకోవాల్సింది యాజమాన్యం బాకీ ఉన్నది. ఐదేళ్లు నిండితే గ్రాట్యుటీ వస్తుంది: ఏడాది సర్వీసుకు 15 రోజుల జీతం. కంపెనీయే తొలగిస్తే, చట్టం దృష్టిలో కార్మికులైన వారికి ఏడాదికి మరో 15 రోజుల సగటు జీతం పరిహారంగా రావాలి. ‘మీరే రాజీనామా రాసివ్వండి, గౌరవంగా ఉంటుంది’ అని హెచ్‌ఆర్ వాళ్లు అడిగినప్పుడు సంతకం పెట్టేస్తే ఆ పరిహారం చేజారుతుంది. తొలగిస్తున్నట్టు కాగితం అడిగి తీసుకోండి. నెల జీతం 21,000 రూపాయల లోపుండి ఈఎస్‌ఐ కోతపడినవారు బ్రాంచి ఆఫీసుకు వెళ్లాలి. 2018లో మొదలైన అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన కింద సగటు దినవేతనంలో సగం చొప్పున 90 రోజుల వరకు ఇస్తారు. జీవితంలో ఒక్కసారే. ఈ పథకం గడువును పొడిగిస్తూ వస్తున్నారు కాబట్టి ప్రస్తుతం అమల్లో ఉందో లేదో అక్కడే అడగండి.

అసలు నష్టం జరిగేది పెన్షన్ ఖాతాలో. ఉద్యోగుల పెన్షన్ పథకం (ఈపీఎస్)లో పదేళ్ల సర్వీసు ఉంటే 58 ఏళ్ల నుంచి జీవితాంతం పెన్షన్. 50 నుంచే తీసుకోవచ్చు గానీ 58కి తగ్గిన ప్రతి ఏడాదికీ 4 శాతం కోత, అదీ శాశ్వతంగా. పదేళ్లు నిండనివారికి మొత్తం వెనక్కి తీసుకునే దారి ఉంది. పెన్షన్ లెక్కకు తీసుకునే 15,000 రూపాయల జీతం పరిమితి మీద ఎనిమిదేళ్ల సర్వీసు ఉన్న మనిషికి అలా వచ్చేది లక్షా పాతికవేలు అటూ ఇటూ. అదే మనిషి పీఎఫ్ ఉన్న ఉద్యోగంలో, అదే పరిమితి మీద, ఇంకో రెండేళ్లు చేస్తే పదేళ్లు నిండుతాయి. 15,000ను 10తో గుణించి 70తో భాగిస్తే నెలకు 2,142 రూపాయలు. ఐదేళ్లలో ఆ లక్షా పాతికవేలు దాటిపోతుంది, ఆ మనిషి తదనంతరం జీవిత భాగస్వామికీ పెన్షన్ ఉంటుంది.

రెండు వేలతో ఏం వస్తుంది, ఇవాళ పిల్లల ఫీజులు ఎవరు కడతారు అనేవాళ్ల మాట కాదనలేం. పెన్షన్ చాలా తక్కువ, పెంచాల్సిందే. కానీ ఫీజులకు పీఎఫ్ నిల్వలోంచి కొంత తీసుకోవచ్చు, పెన్షన్ సర్వీసును చెరిపేయాల్సిన పని లేదు. నిల్వలో 75 శాతం వెంటనే, మిగతాది ఏడాది నిరుద్యోగం తర్వాత తీసుకునేలా ఈపీఎఫ్‌ఓ ట్రస్టీల బోర్డు 2025 అక్టోబరులో నిర్ణయించింది. పెన్షన్ సొమ్ము వెనక్కి తీసుకోవడానికి వేచి ఉండాల్సిన కాలాన్ని రెండు నెలల నుంచి 36 నెలలు చేసింది. చేతికి డబ్బు ఆలస్యమవుతుందన్న విమర్శ న్యాయమైనదే. అయినా సర్వీసును కాపాడే విషయంలో ఈ మార్పు మేలే చేస్తుంది.

యాభై దాటినవాళ్లకు ఉద్యోగం ఎవరిస్తారన్నది ఇంకా గట్టి ప్రశ్న. పాత హోదా, పాత జీతం దొరకడం నిజంగా కష్టం. అందుకే రెండు ఆఫర్లు వస్తే చేతికొచ్చే జీతం ఒక్కటే చూడకండి. పీఎఫ్ లేని 18,000 కన్నా పీఎఫ్‌తో 15,000 ఇచ్చే గోదాము సూపర్‌వైజర్ పని, పదేళ్లకు దగ్గరపడ్డ మనిషికి ఎక్కువ విలువైనది. చేరేటప్పుడు పాత యూఏఎన్ నంబరే ఇవ్వండి. పాత కంపెనీ మీ చివరి పనిదినం నమోదు చేసిందో లేదో ఈపీఎఫ్‌ఓ పోర్టల్‌లో చూసుకోండి. పదేళ్లు నిండకపోతే ఫారం 10సీలో డబ్బు బదులు స్కీమ్ సర్టిఫికెట్ కోరండి, పాత సర్వీసు కొత్త సర్వీసుకు కలుస్తుంది.