పక్షివైద్యశాలలో బాలబాలికలు నేర్వఁదగిన పాఠములు

ఢిల్లీ నగరమున ఎఱ్ఱకోట కెదురుగా నున్న జైన లాల్‌మందిరపు ఆవరణములో పక్షులకొక ధర్మవైద్యశాల కలదు. అది 1929లో స్థాపింపఁబడి 1957లో ఈ స్థలమునకు మార్పఁబడినది. ఏటేట ఆగష్టు 15 సమీపించునపుడు, అనఁగా అచ్చటి గాలిపటముల కాలమున, మాంజా తగిలి ఱెక్కలు తెగిన పక్షులు ఇందు హెచ్చుగా చేర్పఁబడును. ఆ పటముల నెగురవేయువారిలో పెక్కురు బడిపిల్లలే.

గాజుపొడి పూసిన దారమును నైలాను దారమును ఢిల్లీ ప్రభుత్వము 2017 జనవరిలో నిషేధించెను. అదే సంవత్సరము జూలైలో జాతీయ హరిత ట్రిబ్యునలు నైలాను దారముపై నిషేధమును దేశమంతటికిని విధించెను. అయినను ద్విచక్రవాహనములపై పోవువారి కంఠములు సైతము ఈ దారమువలన తెగుచున్నవి. ప్రకటనలను గోడలకంటించుట అవసరమే. కాని పదియేండ్ల బాలుఁడు వానిని చదువునని నమ్ముట కష్టము. వైద్యుఁడు గాయమునుండి దారమును తీయుచుండఁగా దూరమున నిలిచి చూచిన బాలుని సంగతి వేఱు. దారము మొదట చర్మమును, పిదప కండను, కండను ఎముకకు కట్టియుంచు స్నాయువును కోయును. ఎముక చెడకున్నను స్నాయువు తెగెనేని పక్షి మరల ఎగురుట దుర్లభము. నైలాను క్రుళ్లదు గనుక పండుగ ముగిసిన పిమ్మటను చెట్లకొమ్మలలో చిక్కి నెలలతరబడి ఉరిగా నిలుచును. ఇది కన్నులార చూచినవాఁడు దారము కొనునపుడు అంగడివానిని ప్రశ్నించును.

ఢిల్లీలోనే వజీరాబాదున గ్రద్దలకు చికిత్స చేయు నదీమ్ షెహజాద్, మహమ్మద్ సౌద్ అను సోదరుల వృత్తాంతము 2022లో చలనచిత్రముగా వెలువడినది. కండలును స్నాయువులును ఎట్లు పనిచేయునో వీరు చిన్నతనమున వ్యాయామము చేయుచు తెలిసికొని, ఆ జ్ఞానమునే పక్షులకు వినియోగించిరి. శరీరశాస్త్రము బోధించు ఉపాధ్యాయులు దీనిని గమనింపవచ్చును.

అయితే పిల్లలకప్పగించు పని విషయమున అధికారులు ఖండితముగా నుండవలెను. ఎండిన రెట్టధూళిని పీల్చుటచే సిట్టకోసిస్ అను జ్వరము సంక్రమింపవచ్చును. కావున బోనులు తుడుచుట పెద్దల పని, అదియు తడిపి తుడువవలెను. 2021 జనవరిలో ఢిల్లీ కాకులలోను బాతులలోను బయల్పడినట్లు పక్షి ఇన్‌ఫ్లుయెంజా ఎచ్చటనైన కనఁబడెనేని పిల్లల రాకను తత్‌క్షణమే ఆపవలెను. గింజలు కొలుచుట, వచ్చిన పక్షిని చిట్టాలో వ్రాయుట, గాయమునకు కారణము గుర్తించుట, ఇంతవఱకు చాలును. పని ముగియఁగనే సబ్బుతో చేతులు కడుగుకొనుట నియమము.

కుక్కలు వచ్చు పశువైద్యశాలలలో ఇంకను జాగ్రత్త వలయును. రేబిస్ అనుమానము గల జంతువులు కఱచినవారిలో నూటికి నలువదిమంది 15 ఏండ్లలోపు పిల్లలని ప్రపంచ ఆరోగ్య సంస్థ పేర్కొనినది. కొట్టుదురను భయమున గోటిగీఱును సైతము దాఁచు పిల్లలు కలరు. గాయమును వెంటనే సబ్బుతోను ధారగా పడు నీటితోను 15 నిమిషములు కడిగి, పెద్దలకు చెప్పి, టీకాకై ఆసుపత్రికి పోవలెనని వారు ఇచ్చట నేర్తురేని, తక్కిన పాఠములన్నియు మఱచినను నష్టము లేదు.

మన పట్టణములలో సంక్రాంతికి ముందు పురపాలక పశువైద్యుఁడును ప్రధానోపాధ్యాయుఁడును కలిసి, తలిదండ్రుల వ్రాతపూర్వక సమ్మతితో ఐదాఱుగురు చొప్పున పిల్లలను పంపవచ్చును. పండుగ మఱుసటి వారమున పారిశుద్ధ్య సిబ్బంది చెట్లనుండి దారము దింపఁగా, ఏ వీథిలో ఎంత తూఁగినదో లెక్క వ్రాయుట ఆ పిల్లలకే అప్పగింపవచ్చును.