పెరటి గుమ్మంలో కూర్చుని పిట్టల్ని, పురుగుల్ని చూసే చిట్కాలు

పిట్టల్ని చూడాలంటే అడవికి పోవాలని, మెడలో బైనాక్యులర్ వేలాడాలని ఒకప్పుడు నేనూ అనుకునేదాన్ని. కాఫీ గ్లాసు పట్టుకుని పెరటి గుమ్మంలో కూర్చోవడం మొదలెట్టాక తెలిసింది, పైసా ఖర్చు లేకుండానే ఎన్ని కనబడతాయో!

1. పొద్దున ఆరు, ఎనిమిది మధ్య ఒకేచోట పావుగంట కదలకుండా కూర్చోండి. గంటసేపు చెట్టుచెట్టుకీ తిరిగినా కనబడనివి వాటంతటవే వస్తాయి, ఈలోగా చిక్కుళ్ల ఈనెలు తీయడమూ అయిపోతుంది.

2. గలగలమనే గాజులు పైకి తోసేసి, వెలిసిన ఆకుపచ్చో మట్టిరంగో చీర కట్టుకోండి. పాత చీరలకూ ఒక పని దొరుకుతుంది.

3. పాత మట్టి మూకుడులో రెండంగుళాల లోతు నీళ్లు పోసి, మధ్యలో రాయి పెట్టండి. గింజల జోలికి రాని పిగిలిపిట్టలు నీళ్లకొస్తాయి, రాయి మీద తేనెటీగలు వాలతాయి. రోజూ నీళ్లు మార్చకపోతే మాత్రం పిట్టల కంటే ముందు దోమలు కాపురం పెడతాయి.

4. వరి కుచ్చును వంటింటి కిటికీ ఎదురుగా చూరుకు కట్టండి. అన్నం ఉడికేలోగా మగ పిచ్చుకేదో ఆడదేదో గుర్తుపట్టేస్తారు: గొంతు కింద నల్లమచ్చ ఉంటే మగది.

5. కరివేపాకు మీద పిట్టరెట్టలా కనబడేదాన్ని గిల్లి పారేయకండి, అది సీతాకోకచిలుక పిల్ల. కాస్త పెద్దయి ఆకుపచ్చగా మారాక పుల్లతో మెల్లగా తాకితే, తల మీంచి ఎర్రటి కొమ్ములు చాచి ఘాటు వాసన కొడుతుంది. తెలియని రోజుల్లో నేను బూడిద చల్లి ఎన్నింటినో పోగొట్టుకున్నాను. నాలుగు రెమ్మలు తింటే తిననివ్వండి, మళ్లీ చిగురేస్తుంది.

6. గన్నేరు ఆకు కింద వెండి జుంకాలా వేలాడుతూ మెరిసేదీ సీతాకోకచిలుక గూడే. జిల్లేడు మీద నలుపు, తెలుపు, పసుపు పట్టీల గొంగళిపురుగుల కోసం వెతకండి. రెండూ పాలు కారే మొక్కలే కాబట్టి ఆ చేత్తో కళ్లు నలపకండి.

7. బాగా మగ్గి పారేసే అరటిపండును బెల్లంతో పిసికి నీడన పెట్టండి. పూల మీద పెద్దగా వాలని సీతాకోకచిలుకలు దీనికొస్తాయి. చీమల బెడద తప్పాలంటే గిన్నెను నీళ్ల పళ్లెంలో ఉంచాలి.

8. అమావాస్య రాత్రి దండేనికి పాత తెల్లపంచె కట్టి, దాని ముందు బల్బు వెలిగించండి. రెక్కల పురుగులు బారులు తీరతాయి, వాటిని తినడానికి గొల్లభామా దిగుతుంది.

9. మిణుగురుల కోసమైతే దీనికి పూర్తిగా తిరగేసి: లైట్లన్నీ ఆర్పి పది నిమిషాలు ఆగండి. వానాకాలం తొలి రోజుల్లో కరెంటు పోతే విసుక్కోకుండా పెరట్లోకి నడవండి.

10. కాకులు, గోరింకలు ఒక్కసారిగా గోల పెడితే దగ్గర్లో గుడ్లగూబో పిల్లో ఉన్నట్టే. పామూ కావచ్చు, ముందు నేల చూసుకుని తర్వాత తల ఎత్తండి.

11. నల్లగా, ఎర్రకళ్లతో ‘కుహూ’ అని కూసేది మగ కోకిల. ఆడది గోధుమరంగు మీద తెల్ల చుక్కలతో ఉంటుంది, కాకి గూడు చుట్టూ తచ్చాడుతుంటే దొరికిపోతుంది.

12. తల మీద విసనకర్రలాంటి కుచ్చుతో గడ్డిలో నడుస్తూ నేలను పొడిచేది వడ్రంగిపిట్ట కాదు, కూకుడుగువ్వ. వడ్రంగిపిట్టను చూడాలంటే చెట్టు మాను మీద వెతకండి.

13. ఊళ్లో దుక్కి దున్నే రోజున ట్రాక్టరు వెనక చూడండి. పురుగుల కోసం కొంగలు, గోరింకలు అక్కడే చేరతాయి, పొలమంతా తిరిగే శ్రమ తప్పుతుంది.

14. తూనీగ ఎగిరిపోయిందని వెంటపడకండి, చాలాసార్లు మళ్లీ అదే పుల్ల మీదికొస్తుంది. తీగ మీద కూర్చునే తోక చీలిన నల్లపిట్ట, అదే ఏట్రింత, దానికీ ఇదే అలవాటు.

15. కరెంటు తీగ మీద పాలపిట్ట కాస్త వెలిసిపోయినట్టే ఉంటుంది, ఎగిరినప్పుడే రెక్కల నీలం బయటపడేది. దసరాకు పంజరంలో తెచ్చి చూపించేవాళ్లకు డబ్బులివ్వకండి, దాన్ని పట్టడం నేరం.

16. ఇంట్లో బైనాక్యులర్ ఉంటే తిరగేసి, కళ్లు పెట్టే వైపును పురుగుకు బాగా దగ్గరగా ఆనించినట్టు పెట్టి రెండో వైపు నుంచి చూడండి. భూతద్దం కొనే ఖర్చు మిగిలినట్టే.

17. ఏది ఏ రోజు కనబడిందో పాల లెక్క రాసే క్యాలెండర్లోనే గీకి పెట్టండి. జూన్ 22 ప్రాంతంలో ఆరుద్ర కార్తె వస్తుంది, వాన పడగానే మందు కొట్టని చేల గట్ల మీద మఖమల్ లాంటి ఎర్రటి ఆరుద్ర పురుగులు చూడొచ్చు. కాళ్లు లెక్కపెట్టండి, ఎనిమిది! పేరుకే పురుగు, చుట్టరికం సాలీడుతో.

18. చలికాలంలో ఒక్కరోజు వీలైతే గుంటూరు పక్కన ఉప్పలపాడు వెళ్లండి. గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఊరి చెరువులోని చెట్ల మీదే కిక్కిరిసి ఉంటాయి, అడవి బాట పట్టక్కర్లేదు. పులిహోర కట్టుకెళ్లండి, గొడుగు మాత్రం మరిచిపోకండి. ఎండకు కాదు, పైనుంచి పడే రెట్టలకు!