ఒక జీపీయూ, పలువురి వాటా

వఠారంలో కుళాయి ఒక్కటే అయినా కాపురాలు ఏడు ఉండవచ్చు. గ్రాఫిక్స్ ప్రాసెసర్, అనగా జీపీయూ, విషయమూ అటువంటిదే. కృత్రిమ మేధ అభ్యసించేవారికి అది అవసరం. సొంతంగా కొనడం భారం. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో 2022లో నెలకొల్పిన 3.3 పెటాఫ్లాప్‌ల పరమ్ ప్రవేగ సైతం పలువురు పరిశోధకుల ఉమ్మడి సాధనమే. క్లౌడ్ సంస్థలు జీపీయూను వర్చువల్ మెషీన్లకు మూడు విధాలుగా పంచుతాయి.

1. పూర్తిగా ఒకరికే: వేగమంతా దక్కుతుంది, పని లేనప్పుడు వృథా అవుతుంది.

2. వంతులవారీగా: ఎవరి బిందె వారిదే, కుళాయి మాత్రం ఉమ్మడి. మెమొరీ వాటా స్థిరం; గణన చేసే భాగం క్షణక్షణం చేతులు మారుతుంది. పొరుగువారి పని పెరిగితే మన పని నెమ్మదించవచ్చు.

3. విడి భాగాలుగా: ఎన్విడియా 2020లో విడుదల చేసిన ఏ100ను గరిష్ఠంగా 7 భాగాలు చేయవచ్చు. 40 జీబీ రకంలో అతి చిన్న భాగానికి సుమారు 5 జీబీ లభిస్తుంది. పొరుగువారి రద్దీ తాకదు. అయితే పక్క భాగం ఖాళీగా ఉన్నా మన వాటాకు మించిన మోడల్ పట్టదు.

కనుక అద్దెకు తీసుకొనే ముందు అడగవలసినవి: మొత్తమా, వాటాయా? మెమొరీ ఎంత? వంతా, విడి భాగమా? చాలాచోట్ల రుసుము గంటల లెక్కన పడుతుంది. పని ముగిసిన వెంటనే మెషీన్‌ను విడిచిపెట్టడం మేలు.